రాత్రి ముహూర్తాలకు పనికొచ్చే లెన్స్: కానన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు మన పెళ్ళిళ్ళు చాలావరకు రాత్రి ముహూర్తాలే. పందిట్లో రెండు ట్యూబ్‌లైట్లు, ఒక పసుపు బల్బు, మూల మీద సీరియల్ సెట్టు. మంత్రం చదువుతున్న పంతులుగారి మొహాన ఫ్లాష్ కొడితే ఊరుకోరు. కొట్టినా వెనక గోడంతా నల్లనీడలే. కానన్ 1500డి లాంటి కెమెరాతో పాటే వచ్చే 18-55 కిట్ లెన్స్ ఇక్కడే చేతులెత్తేస్తుంది. జూమ్ చివర 55 దగ్గర దాని అపర్చర్, అంటే వెలుతురు దూరే కంత, ఎఫ్ 5.6కు మించి తెరుచుకోదు (అంకె చిన్నదైతే కంత పెద్దది). అదే ఈ 50 ఎంఎం లెన్స్ ఎఫ్ 1.8 అంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు. కిట్ లెన్స్‌తో షట్టర్ 1/25 సెకను దగ్గర వణికే ఫొటో, ఐఎస్ఓ (వెలుతురికి కెమెరా స్పందించే స్థాయి) మార్చకుండానే 1/250కి వచ్చేస్తుంది.

2015లో వచ్చిన లెన్స్ ఇది. బరువు 160 గ్రాములు, ఫిల్టర్ సైజు 49 ఎంఎం. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు వెనక్కి తిప్పి మౌంటు, అంటే కెమెరాకి బిగించే అంచు చూడండి. దీనికి ఉండేది లోహం, ప్లాస్టిక్ అయితే దీనికి ముందు వచ్చిన, మోటారు గరగరలాడే పాత మోడల్.

కొన్నవాళ్ళలో చాలామంది మొదటి ఫిర్యాదు ‘ఫొటో షార్ప్‌గా రావట్లేదు’ అని. ఇందులో లెన్స్ తప్పు తక్కువ. ఎఫ్ 1.8లో రెండు మీటర్ల దూరాన ఫోకస్‌లో నిలిచే మందం 11 సెంటీమీటర్లు. మీటరున్నరకు జరిగితే ఆరే. పెళ్ళికూతురు తల కాస్త తిప్పిందంటే దగ్గరి కన్ను స్పష్టంగా, అవతలి జుంకా మసగ్గా వస్తాయి. అందుకే ఎఫ్ 2.8కి మూయండి. రెండు మీటర్ల దగ్గర 17 సెంటీమీటర్లు దొరుకుతుంది, లెన్స్ కూడా ఇంకాస్త పదునెక్కుతుంది. 1.8ని కరెంటు పోయినప్పటికి దాచుకోండి.

ఫోకస్ పాయింటు ఎంపిక కెమెరాకి వదిలేస్తే అది దగ్గర్లో ఉన్న దండనో కొబ్బరిబొండాన్నో పట్టుకుంటుంది. 1500డిలో తొమ్మిది పాయింట్లున్నా, నిలువు గీతల్నీ అడ్డగీతల్నీ రెంటినీ పసిగట్టేది మధ్యది ఒక్కటే. మసక వెలుతుర్లో మిగతావి తడుముకుంటాయి. వన్ షాట్ (ఒకసారి ఫోకస్ పట్టి ఆగే) మోడ్‌లో మధ్య పాయింటు పెట్టి, దగ్గరి కంటి మీద ఆనించండి. నున్నటి చెంప మీద అది దొరకదు. అదే దూరంలో ఉన్న కళ్ళజోడు ఫ్రేము, బాసికం దారం, బరంపురం పట్టుచీర అంచు మీది కుంభం మొన, ఇలా గీత తేలే చోటైతే టక్కున పట్టేస్తుంది. ఫోకస్ చేశాక కెమెరాని ఎక్కువగా పక్కకు తిప్పొద్దు, ఉన్న ఆ కాస్త మందమూ జారిపోతుంది. కొంచెం ఖాళీ వదిలి తీసి తర్వాత కత్తిరించుకోండి. 24 మెగాపిక్సెళ్ళు అందుకే ఉన్నాయి.

సెట్టింగు: ఎం మోడ్ (షట్టర్, అపర్చర్ మనమే పెట్టేది), 1/125, ఎఫ్ 2.8, ఐఎస్ఓ ఆటో. అపర్చర్ ఒక్కటే మనం పెట్టే ఏవీ మోడ్‌లో కెమెరా తన ఇష్టానికి షట్టర్ తగ్గించేస్తుంది. ఈ లెన్స్‌లో వణుకు ఆపే ఏర్పాటు లేదు కాబట్టి 1/80 కిందికి దిగకండి. తలంబ్రాలకు 1/250 అయినా కావాలి. అక్కడ ఇంకో తిప్పలుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. 1/100 కంటే వేగంగా తీస్తే ఒక ఫొటో వెలుగ్గా, ఒకటి డల్‌గా, ఒక్కోసారి చారలతో వస్తాయి. వరసగా నాలుగైదు కొట్టి మంచిది ఏరుకోవడమే. కదలిక లేని ఘట్టాలకు 1/100 చాలు. ఐఎస్ఓ 3200 అంటే భయం వద్దు. 1600లో చీకటిగా తీసి కంప్యూటర్లో వెలుతురు పెంచితే వచ్చే గరుకు ఇంకా ఘోరం. పసుపు, తెలుపు లైట్లు కలిసిన చోట రా ఫైలు (తర్వాత రంగులు సరిదిద్దుకోగల ముడి ఫైలు) తప్పనిసరి.

పశువుల కొమ్ముతో చేసే పర్లాకిమిడి బొమ్మల ఫొటోలు తీసి ఆన్‌లైన్లో అమ్ముకునేవాళ్ళకూ ఇది పనికొస్తుంది, కానీ ఆటోఫోకస్‌ని నమ్మకండి. నున్నటి నల్లటి కొమ్ము మీద అది ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది. ట్రైపాడ్, ఐఎస్ఓ 100, ఎఫ్ 8, రెండు సెకన్ల టైమర్. లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద, పది రెట్లు పెద్దది చేసి, కొంగ బొమ్మైతే దాని కంటి దగ్గరో ముక్కు దగ్గరో చేత్తో ఫోకస్ కుదర్చండి. రింగు తిప్పినా కదలట్లేదంటే కెమెరా నిద్రపోయిందని. ఈ రింగు కరెంటుతో పనిచేసేది. షట్టర్ సగం నొక్కితే లేస్తుంది. 35 సెంటీమీటర్ల కంటే దగ్గరికి వెళ్తే ఫోకస్ అందదు.

అసలు లోటు వెడల్పు. పది అడుగుల దూరం నుంచి చూస్తే ఫ్రేములో పట్టేది నాలుగున్నర అడుగులే. వధూవరులు ఇమిడిపోతారు, పక్కన మేనమామ పట్టడు. ఇరుకు గదిలో గోడకు వీపు ఆనించినా లాభం లేదు. ఎఫ్ 1.8లో జరీ మెరుపుల చుట్టూ ఊదారంగు అంచు కనిపిస్తుంది. హుడ్ పెట్టెలో రాదు, విడిగా కొనాలి. మొహాలే ముఖ్యమైతే దీన్ని కళ్ళుమూసుకుని కొనొచ్చు. రెండు వరసల చుట్టాల గ్రూపులు, చిన్న గదుల్లో నోములు ఎక్కువగా తీసేవాళ్ళు మాత్రం ముందు ఈఎఫ్-ఎస్ 24 ఎంఎం ఎఫ్ 2.8 కొనుక్కోండి. అదే పది అడుగుల్లో తొమ్మిది అడుగులకు పైగా పడుతుంది.