పండగ భోజనంలో ఫ్రూట్ సలాడ్: కస్టర్డా, క్రీమా, పెరుగా?

సంక్రాంతికి అందరూ వస్తే మా ఇంట్లో పదిహేను విస్తళ్ళు వెయ్యాల్సిందే. గారెలు, పులిహోర, బొబ్బట్లు అయ్యాక చల్లగా ఫ్రూట్ సలాడ్ ఉండాలని పిల్లల పట్టు. పండ్లను దేంట్లో కలపాలన్నదే ప్రతి ఏడాదీ తెగని చర్చ. మూడు రకాలూ చేసి చూశాను. నా ఓటు కస్టర్డ్‌కే.

రుచి మాట మాత్రమే అయితే ఫ్రెష్ క్రీమ్, కండెన్స్‌డ్ మిల్క్ కలిపినదే ముందుంటుంది. 200 మిల్లీలీటర్ల క్రీమ్ ప్యాకెట్‌కి మిల్క్‌మెయిడ్ డబ్బాలో సగం సరిపోతుంది. పొయ్యి వెలిగించే పని లేదు, పది నిమిషాల్లో అయిపోతుంది. నోట్లో వేసుకుంటే ఐస్‌క్రీమ్ తిన్నట్టే ఉంటుంది. కానీ అది నలుగురైదుగురికే వస్తుంది. పదిహేనుమందికి మూడింతలు కొనాలి, ఖర్చు బాగా తగులుతుంది. పైగా ఆ తీపికి పండ్లు నీరు వదులుతాయి. పొద్దున కలిపితే మధ్యాహ్నానికి అడుగున నీళ్ళు తేలతాయి. మన దగ్గర మామూలుగా దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే ఉంటుంది కాబట్టి ఎంత గిలక్కొట్టినా నురగలా గట్టిపడదు.

ఒకసారి పచ్చి అనాసపండు ముక్కలు క్రీమ్‌లో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. భోజనాల వేళకి గిన్నెడు సలాడూ చేదెక్కింది. అంత క్రీమ్ పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంది. అనాసలో ఉండే బ్రొమెలైన్ అనే ఎంజైమ్ పాలలోని ప్రొటీన్‌ని విరగ్గొడుతుంది, ఆ చేదు దాని వల్లే. కస్టర్డ్‌లో వేసినా అంతే. అనాస కావాలంటే ముక్కల్ని చక్కెరతో ఐదారు నిమిషాలు ఉడికించి, చల్లార్చి వెయ్యాలి. పచ్చి కివీతోనూ ఇదే బాధ.

ఇక కస్టర్డ్. లీటరు పాలకి నాలుగు పెద్ద చెంచాల పౌడర్, ఏడెనిమిది చెంచాల చక్కెర. పౌడర్‌ని ముందు చల్లటి పాలలోనే కలపాలి, వేడి పాలలో వేస్తే ఉండలు కడుతుంది. మరుగుతున్న పాలలో పోస్తూ అడుగంటకుండా గరిటెతో తిప్పుతూనే ఉండాలి. గరిటె వెనక సన్నగా పూత పట్టగానే దించెయ్యాలి, చల్లారేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. చల్లారేదాకా మధ్యమధ్య కలిపితే మీద తొరక కట్టదు. రుచి చూసిన చెంచాని మాత్రం మళ్ళీ గిన్నెలో పెట్టకండి. లాలాజలం తగిలితే కస్టర్డ్ పల్చబడిపోతుంది. దీన్ని ముందురోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పండగ పొద్దున టెన్షన్ ఉండదు. చుట్టాలు ఇద్దరు ఎక్కువొచ్చినా కాసిన్ని చల్లటి పాలు కలిపి సర్దుకోవచ్చు.

పెద్దవాళ్ళు కొందరు డబ్బా చూసి గుడ్డు ఉందేమోనని వెనకాడతారు. మామూలు కస్టర్డ్ పౌడర్‌లో ఉండేది మొక్కజొన్న పిండి, రంగు, వెనిల్లా వాసన. అసలు 1837లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ ఈ గుడ్డులేని కస్టర్డ్ చేసిందే గుడ్డు పడని తన భార్య కోసం.

పెరుగుని పల్చటి గుడ్డలో రాత్రంతా వేలాడగట్టి, చక్కెర, యాలకుల పొడి కలిపితే అదీ బాగుంటుంది. తీపి తక్కువ కావాలనేవాళ్ళకి మేలు. కానీ బొబ్బట్టు తిన్న నోటికి పుల్లగా తగులుతుంది. పిల్లలు ముట్టరు.

దేంట్లో కలిపినా యాపిల్, ద్రాక్ష, సపోటా వడ్డించడానికి గంట ముందు వేస్తే చాలు. యాపిల్ ముక్కలకి రెండు చుక్కలు నిమ్మరసం పట్టిస్తే నల్లబడవు. దానిమ్మ గింజలు రంగు దిగుతాయి కాబట్టి పైన చల్లాలి. చక్కెరకేళి మాత్రం విస్తళ్ళు వేశాకే కొయ్యండి.