అడ్డు స్తంభాల్లేని ఆఫీసు: షికాగో ఇన్‌లాండ్ స్టీల్ భవనం

ఆకాశహర్మ్యంలో ఉద్యోగమంటే మేఘాల పక్కన కూర్చోవడమనుకునేవారికి ఈ భవనం రుచించదు. ఆఫీసు అంతస్తులు 19 మాత్రమే. షికాగో నడిబొడ్డున ఉన్న లూప్ ప్రాంతంలో చుట్టూ లేచిన వాటి ముందు పొట్టిది. అయినా ఏళ్ల తరబడి ఇందులో పనిచేసిన నా లెక్కలో, కూర్చుని పని చేసుకోవడానికి ఇంతకు మించిన అంతస్తు లేదు.

లోపల ఒక్క స్తంభం కూడా ఉండదు. 177 అడుగుల పొడవు, 58 అడుగుల వెడల్పు, మొత్తం ఖాళీ. బరువు మోసే 14 స్తంభాలనూ పొడుగు వైపుల ఏడేసి చొప్పున అంచులకు నెట్టేశారు. పెరట్లో వంటిల్లు విడిగా కట్టినట్టు లిఫ్టులనూ మెట్లనూ తూర్పున 25 అంతస్తుల వేరే బురుజులో పెట్టారు. అందువల్ల నడిమధ్యన బల్ల వేసుకున్నా పడమటి గాజు గోడ 29 అడుగుల దూరమే. పగటి వెలుతురు మేనేజర్ల సొత్తు కాలేదు. జట్టు పెరిగినా తగ్గినా తేలిక గోడలు జరుపుకుంటే సరిపోయేది. అంతకుముందు నేను పనిచేసిన చోట సమావేశాల గది మధ్యలోనే స్తంభం; దాని వెనక చిక్కినవాడికి తెర సగమే కనిపించేది.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. మా కంపెనీ ఖర్చుకు వెనకాడి అడ్డుగోడలన్నీ తీసేసిన ఏడాది, ఆ చివర ఎవరో ఫోనులో మాట్లాడితే ఈ చివర మాకు వినబడేది. ఆ తప్పు భవనానిది కాదు. పడమటి ఎండ మాత్రం భవనం స్వభావమే: గాజుకు పచ్చఛాయ ఉన్నా, మధ్యాహ్నం మూడు దాటితే కంప్యూటర్ తెర మీద అక్షరాలు తేలిపోయేవి. కిటికీ తెరలు దించితే డియర్‌బార్న్ వీధికి అవతల చిత్రకారుడు షగాల్ చేసిన మొజాయిక్ కనబడదు. నేను ఎండకే ఓటేసేవాడిని.

1950ల చివర ఇన్‌లాండ్ స్టీల్ అనే ఉక్కు కంపెనీ తన సొంత కార్యాలయంగా కట్టించుకుంది కాబట్టి ఒళ్లంతా స్టెయిన్‌లెస్ స్టీలే. వాల్టర్ నెట్ష్ మొదలుపెట్టిన రూపకల్పనను ముగించిన బ్రూస్ గ్రాహమ్, తర్వాత ఈ నగరంలోనే అతి ఎత్తైన సియర్స్ టవర్ (ఇప్పుడు విల్లిస్ టవర్) కూడా గీశాడు. నన్నడిగితే ఆ ఎత్తు కంటే ఈ ఖాళీయే గొప్ప.

లాబీలో రిచర్డ్ లిప్పోల్డ్ లోహశిల్పాన్ని తీరిగ్గా చూడండి. బ్లూ లైన్ మెట్రో రైలు మన్రో స్టేషన్ డియర్‌బార్న్ కిందే ఉంది. ఇక్కడ ఉద్యోగం వస్తే దక్షిణపు కొస సీటు అడగండి. అక్కడ గాజుకు స్తంభాలు కూడా అడ్డురావు.