ఒకటా, రెండా? దూరప్రేమ ముగించి ఒకే ఇంట్లోకి చేరిన జంటకు, రెండేళ్ల వాడకం తర్వాత సమీక్ష

వేర్వేరు ఊళ్లలో ఉండి ప్రేమించుకున్న ఇద్దరు ఒకే ఇంట్లోకి చేరేటప్పుడు ప్రతి వస్తువు దగ్గరా వచ్చే ప్రశ్న ఒకటే. ఇది ఒకటి చాలా, రెండు ఉండాలా? కలిసి ఉండబోతున్నామన్న ఉత్సాహంలో మనసు ఒకటి వైపే మొగ్గుతుంది. ఒకే దుప్పటి, ఒకే పొడవాటి బల్ల, ఒకే బ్యాంకు ఖాతా. రెండేళ్లు వాడేసరికి దుప్పటీ బల్లా రెండయ్యాయి, ఖాతాలైతే ఏకంగా మూడయ్యాయి. "ఎందుకైనా మంచిది" అని రెండేసి మోసుకొచ్చిన ఇస్త్రీపెట్టెలు, డ్రిల్లులు, నిచ్చెనలు మాత్రం అటకెక్కి కూర్చున్నాయి. ఏది పనికొచ్చిందో, ఏది మొదటికే మోసం తెచ్చిందో, ఎందుకో కింద రాస్తున్నాం.

సామాను కట్టకముందు

నెలకోసారి కలిసే జంటకు తెలిసింది సెలవురోజు మనిషే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు తడి తువ్వాలు మంచం మీద పడేయరు, అలారం నాలుగుసార్లు మోగనివ్వరు. లారా స్టాఫర్డ్, ఆండీ మెరోలా తదితర పరిశోధకులు 2006లో కాలేజీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. అందులో దూరం నుంచి దగ్గరికి చేరిన జంటల్లో దాదాపు మూడో వంతు మూడు నెలల్లోపే విడిపోయాయి. దగ్గరయ్యాక ఏం పోయిందని అడిగితే వాళ్లు చెప్పిన వాటిలో సొంత సమయం, సొంత ఇష్టం ఉన్నాయి. వాళ్లంతా ఒకే ఇంట్లో చేరినవాళ్లు కారు, ఒకే చోటికి వచ్చినవాళ్లు. ఒకే కప్పు కిందయితే ఆ ఒత్తిడి ఇంకాస్త దగ్గరగా తగులుతుంది.

అందుకే ఇల్లు మాట్లాడుకునే ముందు పద్నాలుగు రోజుల ట్రయల్ పెట్టుకోండి. సెలవు పెట్టకూడదు, ఇద్దరూ మామూలుగా ఉద్యోగం చేసుకుంటూ, బట్టలు ఉతుక్కుంటూ, బిల్లులు కట్టుకుంటూ ఉండాలి. మొదటి వారం లెక్కలోకి రాదు, మర్యాద ఇంకా వదలదు. రెండో వారంలో నాలుగు సంగతులు రాసుకోండి: ఎవరు ఎన్నింటికి పడుకుంటారు, గది ఎంత చల్లగా ఉండాలి, ఫోన్లో ఎంత గట్టిగా మాట్లాడతారు, మనసు బాగాలేనప్పుడు మనిషి పక్కన కావాలా వద్దా. తర్వాత కొనబోయే పరుపు, బల్ల, తలుపులు అన్నీ ఈ నాలుగింటి మీదే ఆధారపడతాయి.

ఒకరు ఉంటున్న ఇంట్లోకే రెండోవాళ్లు రావడం చవకే గానీ మా మార్కులు తక్కువే. వచ్చినవాళ్లకు మిగిలిపోయిన గూళ్లే దక్కుతాయి, ఏడాది తర్వాత కూడా "నీ గ్లాసులు ఎక్కడ పెడతావు?" అని అడగాల్సి వస్తుంది. తప్పదంటే ఒక పని చేయండి. రెండోవాళ్లు రాకముందు అన్ని అలమరలూ ఖాళీ చేసి సామాను నేల మీదికి దించేసి, ఇద్దరూ కలిసి మళ్లీ సర్దండి. ఒక రోజంతా పడుతుంది. ఆ రోజు దండగ కాదు.

జాబితా

రెండేళ్లలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చినది ఒక స్ప్రెడ్‌షీట్. గూగుల్ షీట్స్‌లో ఆరు గడులు చాలు: వస్తువు, ఎవరిది, పొడవు-వెడల్పు-ఎత్తు, పెట్టె నంబరు, ఉంచాలా వదలాలా, ఎక్కడ పెట్టాలి. ఇద్దరూ వీడియో కాల్‌లో గది గదికీ తిరుగుతూ నింపాలి. ఇద్దరి దగ్గరా ఉన్న ఒకేరకం వస్తువులు అక్కడే బయటపడతాయి, ఏది వదిలేయాలో లారీ ఎక్కకముందే తేలుతుంది. "వచ్చాక చూద్దాం" అనుకుంటే రెండుసార్లు డబ్బు పోతుంది. ముందు మోయించడానికి, తర్వాత వదిలించుకోవడానికి.

"ఎవరిది" అన్న గడి పెడితే ప్రేమలో లెక్కలేమిటని మొహం చిట్లిస్తారు. పెట్టండి. ఏడాదిన్నర తర్వాత సోఫా చిరిగితే కొత్తది కొనే ఖర్చు ఎలా పంచుకోవాలో ఆ గడే చెబుతుంది.

వంటింట్లో ఒక చిన్న పరీక్ష. కొత్త ఇంట్లో ఇండక్షన్ పొయ్యి ఉంటే ప్రతి గిన్నె అడుక్కీ ఒక అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే ఉంచుకోవచ్చు. అల్యూమినియం, రాగి గిన్నెలు, కొన్ని స్టీలు గిన్నెలు అంటుకోవు. అడుగున ఇనుప పొర లేకపోతే అవి వేడెక్కవు. ఇద్దరి గిన్నెల్లో ఎవరివి ఉంచాలన్న వాదన ఐదు నిమిషాల్లో ముగుస్తుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు.

పెద్ద సామాను విషయంలో ఇంటి కొలతలకన్నా దారి కొలతలు ముఖ్యం. తలుపు పూర్తిగా తెరిచి, తెరిచిన రెక్క అంచు నుంచి ఎదుటి ద్వారబంధం దాకా కొలవాలి. గోడలోని ఖాళీని కొలిస్తే మోసపోతారు, రెక్క మందం దాన్ని తినేస్తుంది. బందుల పిన్నులు పీకి రెక్కను తీసేస్తే మూడు నాలుగు సెంటీమీటర్లు కలిసొస్తాయి. మెట్ల మలుపు దగ్గర పైకప్పు ఎత్తు కూడా రాసుకోండి, సోఫాను నిలబెట్టి తిప్పాల్సింది అక్కడే.

పెట్టెలు, లారీ

రెండు చోట్ల నుంచి సామాను ఒకే రోజు దిగనివ్వకండి. మధ్యలో రెండు మూడు రోజుల ఎడం ఉంటే మొదటి విడతలో మంచం, బీరువాలు, ఫ్రిజ్ చోట్లు కుదురుతాయి, రెండో విడతను వాటి చుట్టూ సర్దొచ్చు. రెండూ ఒకేసారి వస్తే పెట్టెల మధ్య నడిచే దారి కూడా మిగలదు.

పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే పెట్టాలి. దాదాపు 40 × 30 × 30 సెంటీమీటర్లది చాలు, నిండాక 15 కిలోలు దాటనివ్వకండి. పెద్ద పెట్టెలు దిండ్లకూ దుప్పట్లకూ. పళ్లేలు ఒకదాని మీద ఒకటి పరిస్తే పైబరువుకు కిందివి చిట్లుతాయి, అంచు మీద నిలబెట్టి మధ్యలో కాగితం దూర్చండి. పెట్టెలో ఖాళీ వదిలితే పైన ఇంకొకటి పెట్టగానే కుంగుతుంది, తువ్వాళ్లు కుక్కి నింపండి. అడుగున టేపు ఒక్క వరస సరిపోదు. మధ్య గీత మీద ఒకటి, రెండు పక్క అంచుల మీద ఒక్కోటి వేయాలి. పెట్టె నంబరు మూత మీద రాస్తే దొంతరలో కనబడదు, రెండు పక్కలా రాయండి. మొదటి రాత్రికి కావలసినవి (దుప్పట్లు, చార్జర్లు, మందులు, స్క్రూడ్రైవర్, సబ్బు, తువ్వాళ్లు) లారీలో కాకుండా చేతిలోనే తెచ్చుకోవాలి.

ఫ్రిజ్‌ను ఒక రోజు ముందే ఆపి మంచు కరగనివ్వాలి, నిలువుగానే తేవాలి. దారిలో పడుకోబెట్టారని తెలిస్తే దిగగానే ప్లగ్గు పెట్టకండి. కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పారి ఉంటుంది, అది తిరిగి దిగేదాకా నిలబెట్టి ఉంచాలి. ఒక రోజు ఆగితే నిశ్చింత.

ముందు తలుపుండే వాషింగ్ మెషిన్‌కు వెనకవైపు పొడవాటి ట్రాన్సిట్ బోల్టులు మూడో నాలుగో వస్తాయి. డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది, ఈ బోల్టులే దాన్ని ప్రయాణంలో కదలకుండా పట్టుకుంటాయి. అవి లేకుండా లారీ ఎక్కిస్తే కుదుపులకు లోపలి భాగాలు దెబ్బతింటాయి. తీయకుండా నడిపితే మెషిన్ గది దాటి వచ్చేలా ఊగిపోతుంది. పోయాయనుకుంటే మోడల్ నంబరు చెప్పి తయారీదారు దగ్గర అడగాలి.

పరుపు: ఎక్కువ డబ్బు, ఎక్కువ తప్పులు

వారాంతాల్లో ఇరుకు మంచం మీద సర్దుకున్నది గుర్తుపెట్టుకుని 60 అంగుళాల పరుపు చాలనుకోవడం తప్పు. ఒక్కొక్కరికీ 30 అంగుళాలు వస్తుంది, ఒంటరి మంచం కన్నా తక్కువ. రెండు రాత్రులు అలా గడపడం వేరు, ఏడాదంతా పొద్దున్నే ఆఫీసుకు వెళ్లడం వేరు. 72 అంగుళాలు పడితే మారుమాట లేకుండా అదే తీసుకోండి. పొడవులో ఎత్తైన మనిషి కన్నా కనీసం ఆరంగుళాలు ఎక్కువ ఉండాలి.

స్ప్రింగులన్నీ ఒకదానికొకటి ముడిపెట్టి ఉన్న పరుపు మీద ఒకరు పక్కకి తిరిగితే రెండోవాళ్లు ఊగుతారు. విడివిడి సంచుల్లో స్ప్రింగులున్న పాకెట్ స్ప్రింగ్ రకంలో, ఫోమ్‌లో ఆ ఇబ్బంది బాగా తక్కువ. బరువులో బాగా తేడా ఉన్న జంట మెత్తటి పరుపు మీద తెల్లారేసరికి మధ్య గుంటలోకి దొర్లి చేరుతుంది. దుకాణంలో చేత్తో నొక్కి చూస్తే ఇవేవీ తెలియవు. ఒకరు కళ్లు మూసుకుని పది నిమిషాలు పడుకోవాలి, రెండోవాళ్లు అంచున కూర్చుని నాలుగైదుసార్లు లేవాలి.

గట్టి పరుపు ఒకరికి, మెత్తనిది ఒకరికి కావాలంటే 36 అంగుళాలవి రెండు ఒకే మంచం మీద వేసుకోవచ్చు. మాకు బాగా నచ్చినది ఇదే. షరతు ఒక్కటే, రెండిటి మందమూ సమానంగా ఉండాలి. సెంటీమీటరు తేడా ఉన్నా చేతికి మెట్టులా తగులుతుంది. రెండూ మెల్లగా విడిపోయి మధ్యలో సందు పడుతుంది. కింద జారని రబ్బరు వల పరిచి, పైన రెండిటినీ కలుపుతూ టాపర్ (పరుపు మీద వేసే పల్చటి పైపరుపు) వేస్తే ఆ గొడవ దాదాపు పోతుంది. టాపర్‌ను మూడు నెలలకోసారి తిప్పి వేయాలి, లేకపోతే సందు మీద గీత పడుతుంది.

ఇక దుప్పటి. రెండు మీటర్ల వెడల్పు దుప్పటి ఇద్దరికీ సరిపోవాలి, కాగితం మీద సరిపోతుంది కూడా. అయితే మనిషి పక్కకి తిరిగిన ప్రతిసారీ భుజం దాన్ని ఒక జానెడు లాక్కుంటుంది, తిరిగి ఇవ్వదు. మీటరున్నర వెడల్పువి రెండు విడిగా కొనుక్కోండి, ఒకటి పల్చనిది, ఒకటి మందమైనది. చలి తగువు ఆ రాత్రితో సరి.

బల్లలు, శబ్దం, వైఫై

ఇద్దరూ ఇంటి నుంచి పనిచేస్తే ఒకే పొడవాటి బల్ల చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మూడో రోజు నుంచి ఒకరి టైపింగ్‌కు రెండోవారి తెర వణుకుతుంది. బల్లలు రెండుండాలి. ఎదురెదురుగా వేస్తే ఒకరి మాటలు నేరుగా రెండోవారి మైకులోకి పోతాయి, వీపులు కలిపి వేస్తే ఒకరి కెమెరాలో ఒకరు కనబడతారు. గది మూలలో ఎల్ ఆకారంలో వేస్తే నయం. వేర్వేరు గదులైతే ఇక చెప్పేదేముంది.

శబ్దాన్ని తగ్గించే హెడ్‌ఫోన్లు కొని సమస్య తీరిందనుకోవద్దు. అవి పెట్టుకున్నవారికి బయటి చప్పుడు తగ్గిస్తాయి, వాళ్ల గొంతును తగ్గించవు. పైగా తమ గొంతు తమకే సరిగా వినబడక ఇంకా గట్టిగా మాట్లాడతారు. తలుపు కింద వేలెడు సందుంటే గది మూసినా లాభం లేదు, మాటలన్నీ అందులోంచే వస్తాయి. తలుపు అడుగున అంటించే రబ్బరు పట్టీ చాలా చవక, ఫలితం మాత్రం హెడ్‌ఫోన్ల కన్నా మెరుగు.

ఇంటర్నెట్ ప్లాన్‌లో అందరూ డౌన్‌లోడ్ వేగమే చూస్తారు. ఇద్దరూ ఒకేసారి వీడియో కాల్‌లో ఉంటే ఇబ్బంది పెట్టేది అప్‌లోడ్. హెచ్‌డీ కాల్ ఒక్కోదానికి 3 నుంచి 4 ఎంబీపీఎస్ వేసుకుని, రెండింతల మీద ఇంకొంత చేర్చి చూసుకోండి. రౌటర్‌ను బీరువా వెనక దాచకుండా ఇంటి మధ్యలో ఎత్తుగా పెట్టాలి. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండు వేగంగా ఉంటుంది గానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది, దూరపు గదికి 2.4 నయం. ఇంకా మంచిది ఆ గదిదాకా ఒక క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగేయడం.

డబ్బు

ఇక్కడ ఒకటీ కాదు, రెండూ కాదు, మూడు. ఎవరి ఖాతా వారిదే, ఇంటి ఖర్చులకు ఉమ్మడిది ఒకటి. చెరిసగం వేసుకోవడం న్యాయంగానే కనిపిస్తుంది. ఒకరి ఆదాయం 60 పాళ్లు, ఇంకొకరిది 40, ఇంటి ఖర్చు 30 అనుకోండి. చెరో 15 వేస్తే మొదటివారికి ఆదాయంలో 25 శాతం పోతుంది, రెండోవారికి 37.5 శాతం. ఆదాయాన్నిబట్టి 18, 12 వేసుకుంటే ఇద్దరికీ 30 శాతమే. జీతం వచ్చిన మర్నాడే ఉమ్మడి ఖాతాకు దానంతటదే వెళ్లేలా పెట్టేయండి, అడిగి తీసుకునే పని ఉండకూడదు.

అందరూ మర్చిపోయేది, ఊరు వదిలి వచ్చినవారి నష్టం. పాత ఇంటి ఒప్పందం ముందే తెంచుకోవడం, ప్రయాణం, వదిలేసిన సామాను, ఉద్యోగం మారే మధ్యలో జీతం లేని వారాలు. ఇదంతా మారకముందే షీట్‌లో వేరే పేజీగా రాసి ఉమ్మడి ఖర్చు చేయండి. రాయకపోతే అది ఎక్కడికీ పోదు, గిన్నెలు ఎవరు కడగాలన్న వాదనలో బయటికొస్తుంది. అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లూ ఉండాలి. తాళం చేతికొచ్చిన రోజే ఖాళీ గదుల ఫోటోలు, మీటర్ల అంకెలు తీసి పెట్టుకోండి.

ఇంటిపని

"సాయం చేస్తాను" అన్న పద్ధతికి సున్నా మార్కులు. పనిని ముక్కలుగా పంచితే గమనించే బాధ్యత ఒకరి నెత్తినే ఉంటుంది. అందుకే ఒక పని మొత్తం ఒకరికే ఇవ్వండి. చెత్త ఒకరిదైతే సంచులు అయిపోవడం చూడడం, కొనడం, బయట పెట్టడం అంతా వారిదే. రెండు నెలలకోసారి పనులు మార్చుకోండి.

వాషింగ్ మెషిన్ బోల్టులు గుర్తున్నాయిగా? కొత్త ఇంట్లో మెషిన్ పెట్టిన రోజే వాటిని విప్పి ఒక జిప్ సంచిలో వేసి, మోడల్ నంబరు రాసిన చీటీ జతచేసి, మెషిన్ వెనక పక్కకే టేపుతో అంటించండి. డ్రాయరులో వేస్తే ఇల్లు మారేనాటికి అదేమిటో ఇద్దరికీ గుర్తుండదు, ఎవరో ఒకరు చెత్తలో పారేస్తారు.