మాగ్డెబర్గ్ గ్యాంగ్ మళ్ళీ కలిసింది: ఎక్కడ ఉన్నాం, ఏది వర్త్, ఏది కాదు

జర్మనీలో మాస్టర్స్ చేసిన ఊర్లోనే రీయూనియన్ పెడదాం అని గ్రూప్‌లో వేస్తే సగం మంది నవ్వారు, మాగ్డెబర్గ్‌కి ఎవడైనా టూర్‌కి వెళ్తాడా అని. గోవా అన్నారు, దుబాయ్ అన్నారు, మ్యూనిక్‌లో సెటిలైనోడు మా ఇంటికే రండ్రా అన్నాడు, వాడి ఫ్లాట్‌లో నలుగురు కూర్చుంటే ఐదోవాడు బాల్కనీలోకి పోవాలి. ఆఖరికి 2025 జూలైలో మాగ్డెబర్గ్, అక్కణ్ణుంచి హార్జ్ కొండలు అని ఫిక్స్ అయ్యాం, పెళ్ళాం పిల్లలతో సహా.

ముందు వీసా. హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళకి ఇదే అసలు తలనొప్పి. షెంగెన్ వీసా ఫీజు పెద్దోళ్ళకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకి 45, ఆరేళ్ళలోపు ఫ్రీ, పైన సర్వీస్ చార్జీలు వేరు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు కాబట్టి వేసవి ట్రిప్‌కి సంక్రాంతి సెలవుల్లోనే కూర్చుని ఫారాలు నింపండి, ఏప్రిల్ దాకా ఆగితే అపాయింట్‌మెంట్ల కోసం అర్ధరాత్రి లేచి పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చోవాల్సిందే. ఇన్సూరెన్స్ 30,000 యూరోల కవరేజ్‌కి తగ్గకూడదు. అక్కడున్న ఫ్రెండ్ స్పాన్సర్ లెటర్ ఇప్పిస్తానంటాడు, మన జీతం స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు బాగుంటే వాణ్ణి ఆ ఆఫీసుల చుట్టూ తిప్పక్కర్లేదు.

తిరగడానికి డాయిష్‌లాండ్‌టికెట్ అనే నెలవారీ పాస్ తీసుకున్నాం. అప్పుడు నెలకి 58 యూరోలు, 2026 జనవరి నుంచి 63. లోకల్ రైళ్ళు, ట్రామ్‌లు, బస్సులు అన్నిట్లో చెల్లుతుంది, ఐసీఈ అనే స్పీడ్ రైళ్ళలో చెల్లదు. బెర్లిన్‌లో దిగి ఆర్‌ఈ1 అనే లోకల్ రైలు ఎక్కితే రెండు గంటల్లోపే మాగ్డెబర్గ్. మెలిక ఎక్కడంటే ఇది సబ్‌స్క్రిప్షన్, నెల పదో తారీఖులోపు క్యాన్సిల్ కొట్టకపోతే వచ్చే నెల కూడా కట్ అవుతుంది, చాలా యాప్‌లు యూరప్ బ్యాంక్ ఖాతానే అడుగుతాయి. మాకు మ్యూనిక్ వాడు కొనిపెట్టాడు. ఆరేళ్ళు దాటిన పిల్లలకి విడిగా టికెట్ కావాలి, మీ టికెట్ మీద రారు.

మాగ్డెబర్గ్‌లో సిటీ సెంటర్‌లోనే లైటర్‌స్ట్రాసెలో ఉన్న యూత్ హాస్టల్‌లో దిగాం. స్టేషన్ నుంచి నడిచి పోవచ్చు, ఫ్యామిలీ రూములుంటాయి, దుప్పట్లు, బ్రేక్‌ఫాస్ట్ కలిపే రేటు, మెంబర్‌షిప్ మాత్రం తీసుకోవాలి. శుభ్రంగా ఉంది, పిల్లలున్నవాళ్ళకి హోటల్ కంటే ఇదే నయం. కానీ రీయూనియన్‌కి సరిపోదు బాబూ. రాత్రి పదైతే నిశ్శబ్దం పాటించాలి, మా కబుర్లు మొదలయ్యేదే పదింటికి. అందుకని హాసెల్‌బాఖ్‌ప్లాట్జ్ దగ్గర బార్ల బయట బెంచీల మీద కూర్చుని చాయ్ లేని చాయ్ మీటింగ్‌లు పెట్టుకున్నాం.

ఊర్లో ఏం చూడాలి అంటే, గులాబీ రంగు గ్రీన్ సిటడెల్ (హుండెర్ట్‌వాసర్ డిజైన్, 2005లో పూర్తయింది, పేరు గ్రీన్, రంగు పింక్, మేం చదివినన్నాళ్ళూ ఇదే జోకు), పక్కనే పాత కెథెడ్రల్. ఈ రెండూ ఒక పూటలో అయిపోతాయి. పిల్లలకి బాగా నచ్చింది ఎల్బావెన్‌పార్క్‌లోని 60 మీటర్ల చెక్క టవర్, 1999లో తోటల ప్రదర్శన కోసం కట్టారు, లోపలంతా సైన్స్ బొమ్మలు, ప్రయోగాలు, వాళ్ళని బయటికి లాక్కురావడమే కష్టమైంది. నాకు మాత్రం హోహెన్‌వార్టె దగ్గర నీళ్ళ వంతెన. కాలువే నది పైనుంచి దాటుతుంది, 918 మీటర్లు, కింద ఎల్బె, పైన నిండా సరుకుతో పెద్ద పడవ తాపీగా పోతుంటే మెకానికల్ వాళ్ళం అందరం నోరు తెరుచుకుని నిలబడ్డాం. చదువుకునేటప్పుడు సైకిల్ మీద పోదాం పోదాం అని ఒక్కసారీ పోలేదు. కారుంటే మంచిది, పెద్ద గుంపు అయితే వ్యాన్ అద్దెకి తీసుకోండి.

తర్వాత హాల్బర్‌స్టాట్‌లో రైలు మారి హార్జ్ కొండల దగ్గరి ఊరు వెర్నిగెరోడె. ఇక్కడ కిచెన్ ఉన్న హాలిడే ఫ్లాట్లు రెండు పక్కపక్కనే తీసుకున్నాం, రీయూనియన్ అసలు జరిగింది ఇక్కడే. ఖమ్మం అమ్మాయి గోంగూర పచ్చడి తెచ్చింది, మాగ్డెబర్గ్ ఏషియా షాపులో బియ్యం, కందిపప్పు ముందే కొనుక్కొచ్చాం. పప్పు తాలింపులో ఎండుమిర్చి పడ్డ రెండో నిమిషానికి స్మోక్ అలారం కొట్టింది, డల్లాస్‌లో వందమంది టీమ్‌ని నడిపే మనిషి కుర్చీ ఎక్కి టవల్ ఊపుతున్నాడు, వాళ్ళావిడ వీడియో తీస్తోంది, హాస్టల్‌లో కూడా ఆ టవల్ డ్యూటీ వాడిదే. అదే మనిషి పొద్దున్నే ఖాళీ సీసాలన్నీ సంచిలో వేసుకుని సూపర్‌మార్కెట్ మెషిన్‌లో పెట్టొచ్చాడు, ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్ల డిపాజిట్ వెనక్కొస్తుంది కదా ఎందుకు వదలాలి అని.

ఫ్లాట్ ఓనర్‌తో మాత్రం గొడవైంది. వెళ్ళేరోజు మసాలా వాసన వస్తోందని క్లీనింగ్‌కి అదనంగా డబ్బులు అడిగాడు, బుకింగ్‌లో ఆ మాటే లేదు. మేం కిటికీలు తెరిచి, పొయ్యి తుడిచి, దిగేటప్పుడు తీసిన ఫొటోలు చూపిస్తే సగానికి దిగాడు. ఫొటోలు తీయడం మర్చిపోవద్దు. ఆదివారం షాపులు మూసేస్తారు కాబట్టి శనివారమే పాలు, కూరగాయలు తెచ్చుకోండి.

హార్జ్‌లోని బ్రోకెన్ శిఖరం ఎత్తు 1141 మీటర్లు, పైదాకా ఆవిరి రైలు పోతుంది. దీనికి డాయిష్‌లాండ్‌టికెట్ చెల్లదు, రానూపోనూ పెద్దోళ్ళకి 50 యూరోలు దాటుతుంది. తూర్పు జర్మనీ రోజుల్లో పైకి మామూలు జనాన్ని రానిచ్చేవాళ్ళు కాదు, 1989 డిసెంబర్‌లో తెరిచారు. మేం వెళ్ళినప్పుడు పైన పొగమంచు తప్ప ఏం కనపడలేదు, అక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంతేనట. చిన్నపిల్లలుంటే రైలు కోసమైనా వెళ్ళండి, లేకపోతే కొండ కింద ఊరు షియెర్కె దాకా బస్సులో పోయి అడవిలో నడిచి ఎక్కడం నయం. వెర్నిగెరోడెలో రాత్రికింతని కూర్‌టాక్స్ (టూరిస్టుల పన్ను) కడతాం కదా, అది కడితే ఇచ్చే గెస్ట్ కార్డుతో హార్జ్ బస్సులు ఫ్రీ, ఈ సంగతి ఓనర్ చెప్పడు, మీరే అడగాలి.

ఖర్చులన్నీ ఒకే యాప్‌లో వేశాం, తినేవాళ్ళని బట్టి పిల్లలకి సగం లెక్క. ఈసారి హైదరాబాద్‌లో పెడదాం అంటున్నారు, డల్లాస్ వాడు డిసెంబర్ టికెట్ రేట్లు చూసి చెప్తా అన్నాడు, ఇంకా చూస్తూనే ఉన్నాడు.