కరెంటు లెక్కల డాష్‌బోర్డుకి స్క్రమ్మా, కాన్‌బానా?

"అన్నా, మా యూనివర్సిటీలో కరెంటు, నీళ్ల వాడకానికి డాష్‌బోర్డు చేయమన్నారు. స్క్రమ్ పెట్టుకోమంటారా, కాన్‌బానా?" ఈ ఏడాది ఇలా అడిగినవాళ్లలో ఇతను నాలుగోవాడు. రెండూ సాఫ్ట్‌వేర్ బృందాలు పని నడుపుకునే పద్ధతులు: స్క్రమ్‌లో పనిని నిర్ణీత గడువు విడతలుగా ప్లాన్ చేసుకుంటారు, కాన్‌బాన్‌లో పనుల్ని బోర్డు మీద కార్డులుగా పెట్టి ఒకేసారి చేసేవాటికి పరిమితి పెట్టుకుంటారు. అందరూ యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లలో కాంట్రాక్టు మీద పనిచేసే కుర్రాళ్లే. యూనివర్సిటీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే న్యాక్ ఫైల్లో ఎనర్జీ ఆడిట్ కాగితాలు పెట్టాల్సి వచ్చేసరికి పైవాళ్లకి ఉన్నట్టుండి మీటర్ల మీద ప్రేమ పుడుతుంది. విడివిడిగా జవాబులు రాసి రాసి విసుగొచ్చి, అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

ఒక యూనివర్సిటీలో నలుగురం ఇదే పని రెండేళ్లు చేశాం. మొదలుపెట్టింది స్క్రమ్‌తోనే, రెండు వారాల స్ప్రింట్లు, అంటే విడతలు. సోమవారం ప్లాన్ చేసుకునేవాళ్లం. బుధవారానికల్లా పరీక్షల విభాగం నుంచి ఫోను: హాల్ టికెట్ల మీద ఫొటోలు తారుమారయ్యాయి, అన్నీ వదిలేసి రండి. వెళ్లక తప్పుతుందా? వరసగా మూడు స్ప్రింట్లు అలాగే పోయాయి.

దానికైతే మందుంది, కొంత ఖాళీ వదిలి ప్లాన్ చేసుకోవచ్చు. మందు లేనిది ప్రొడక్ట్ ఓనర్ జబ్బుకి. ఏ పని ముందో తేల్చేది ఆ ఓనరే. స్క్రమ్ నియమాలు రాసిన 2020 స్క్రమ్ గైడ్ ప్రకారం ప్రొడక్ట్ ఓనర్ అంటే ఒక్క మనిషి, కమిటీ కాదు. యూనివర్సిటీలో కమిటీ కానిదేముంది? ఇంజినీరింగ్ విభాగానికి ట్రాన్స్‌ఫార్మర్ వారీగా లెక్క కావాలి, వార్డెన్లకి హాస్టల్ వారీగా కావాలి, ఫైనాన్స్ ఆఫీసర్‌కి బిల్లుతో సరిపోవాలి, ఆడిట్ చూసే ప్రొఫెసర్‌కి కార్బన్ అంకె ఒక్కటి చాలు. ఏది ముందో చెప్పాల్సింది కాగితం మీద డీన్ గారు. ఆయన మాట ఎప్పుడూ ఒకటే: "అన్నీ ముఖ్యమేనయ్యా."

కాన్‌బాన్‌కి మారాక మా సరంజామా ఒక వైట్‌బోర్డు, రంగు కాగితాలు. "చేస్తున్నవి" గడిలో మూడుకి మించి కార్డులు ఉండకూడదు, అంతే నియమం. ఎవరైనా కొత్త పనితో వస్తే బోర్డు దగ్గరికి తీసుకెళ్లి, "ఈ మూడింట్లో ఏది పక్కన పెట్టమంటారు సార్?" అని అడిగేవాళ్లం. కొందరు "సరే, వచ్చే వారం చూడండి" అని వెళ్లిపోయేవాళ్లు. కొందరు అక్కడే నిలబడి పక్క విభాగానికి ఫోన్ చేసి తేల్చుకునేవాళ్లు.

ఇంకోటీ బయటపడింది. ఆలస్యమంతా కోడ్‌లోనే ఉందనుకునేవాళ్లం. "ఎదురుచూపు" అని ఓ గడి గీశాక చూస్తే కార్డులన్నీ అక్కడే. మీటర్ పెట్టాలంటే ప్యానెల్‌లో సీటీలు (కరెంటు కొలవడానికి తీగ చుట్టూ పెట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు) బిగించాలి. అందుకు ఆ భవనానికి కరెంటు ఆపాలి. ఆపే అనుమతి ఆదివారమే, అదీ పరీక్షలు లేని ఆదివారం. స్ప్రింట్లలో ఉన్నప్పుడు ఇవే పనులు "తర్వాతి స్ప్రింట్‌కి" అని జరిగిపోతూ మా చేతగానితనంలా కనిపించేవి.

కాన్‌బాన్‌లో లోపం గడువు భయం లేకపోవడం. నీళ్ల మీటర్ల కార్డొకటి నాలుగు నెలలు బోర్డు మీదే రంగు వెలిసింది. అందుకని రెండు వారాలకోసారి చేసింది చూపించడం, ఎక్కడ తప్పామో మాట్లాడుకోవడం స్క్రమ్ నుంచి అరువు తెచ్చుకున్నాం. దీన్ని స్క్రమ్‌బాన్ అంటారట. అనుకోనివ్వండి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పబోయేది ఒక ఎత్తు. 2001లో అమెరికాలోని స్నోబర్డ్‌లో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూడి రాసిన అజైల్ మేనిఫెస్టోకి (స్క్రమ్ లాంటి పద్ధతుల ఉమ్మడి ప్రకటన) తోడుగా 12 సూత్రాలున్నాయి. ఎప్పటికీ ఒకేలా కొనసాగించగల వేగంతో పనిచేయాలన్నది అందులో ఒకటి. యూనివర్సిటీలో వేగం సంగతి తర్వాత, ముందు మనుషులే నిలవరు. కాంట్రాక్టు మార్చిలో ముగుస్తుంది, సాయం చేసే విద్యార్థులు మేలో వెళ్లిపోతారు. పర్యావరణం పేరుతో పెట్టిన డాష్‌బోర్డు ఏడాది తిరక్కుండా ఆగిపోతే, ఆ మీటర్లు గోడకి బిగించిన ఈ-వ్యర్థాలే. మూడు కార్డుల పరిమితి ఉంటే, ఎవరు మానేసినా సగంలో ఆగేవి మహా అయితే మూడు. మాలో ఇద్దరు ఒకే నెలలో వెళ్లిపోయినప్పుడు కొత్తగా వచ్చినవాళ్లు బోర్డు చూసి రెండో రోజే పని అందుకున్నారు. నేను కాన్‌బాన్ వైపు మొగ్గింది ఆ రోజే.

మొత్తం ముందే ప్లాన్ చేసి దశల వారీగా చేసుకుపోయే వాటర్‌ఫాల్ గురించీ అడుగుతున్నారు. సోలార్ ప్యానెళ్ల టెండరుకి అదే సరి, సాఫ్ట్‌వేర్‌కి వద్దు. సేఫ్ (ఎన్నో బృందాలున్న పెద్ద సంస్థల కోసం చేసిన అజైల్ పద్ధతి) గురించి నలుగురున్న బృందం అడక్కూడదు.

స్క్రమ్ గెలిచే చోటూ ఉంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా నలుగురు విద్యార్థులు ఒక హాస్టల్ నీళ్ల లెక్క తీసుకున్నారనుకోండి. ప్రాజెక్టు గైడుగా ఉన్న ప్రొఫెసరే ప్రొడక్ట్ ఓనర్, సెమిస్టరే గడువు, హాల్ టికెట్ల కోసం వాళ్లనెవరూ పిలవరు. వారం వారం స్ప్రింట్లు పెట్టుకోవచ్చు. కాకపోతే మొదటి వారంలోనే వార్డెన్‌ని కలిసి ప్లంబర్ ఫోన్ నంబర్ సంపాదించాలి.