ముప్పై ఆరేళ్లకు ఎం.డెస్: డిగ్రీ చేతికొచ్చి నాలుగేళ్లయ్యాక నా సమీక్ష

విజయవాడలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్‌లో పదేళ్లకు పైగా డీటీపీ, లేఅవుట్ పని చేశాక ఒక ఐఐటీలో ఎం.డెస్ (డిజైన్‌లో పీజీ) చేరాను. నాది బీకాం, ఆ తర్వాత ఎంసీఏ. చేరేనాటికి పెళ్లయింది, పాప బడికి వెళ్తోంది. ఉద్యోగాల్లో ఉండి డిజైన్ చదవాలనుకునేవాళ్లు ఇప్పటికీ నన్ను మొదట అడిగేది ‘ఏ కాలేజీ మంచిది?’ అనే. ఈ వయసులో అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. ఇన్నేళ్లు మీరు చేసిన పనిని ఆ కోర్సు వాడుకుంటుందా, లేక అదంతా పక్కన పెట్టి అఆల నుంచి మొదలుపెట్టమంటుందా? నా అనుభవంలో మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

ముందు దారుల సంగతి. ఐఐటీల్లో బి.డెస్‌కి (డిజైన్‌లో డిగ్రీ) రాసే ప్రవేశపరీక్ష యూసీడ్‌కి వయోపరిమితి ఉంది, పైగా రెండుసార్లకు మించి రాయనివ్వరు, అవీ వరుస సంవత్సరాలే అయి ఉండాలి. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బి.డెస్‌కీ వయసు అడ్డే. మన రాష్ట్రంలోనే ఎన్‌ఐడీ ఉన్నా నా వయసువాళ్లకు ఆ బి.డెస్ అందదు. నేను చూసిన ఏడాది ఎన్‌ఐడీ ఎం.డెస్‌కి కూడా వయసు హద్దు దాటిపోయాను. ఫ్యాషన్ చదువులకు పేరున్న నిఫ్ట్‌లో ఎం.డెస్‌కి గరిష్ఠ వయసు లేదు, ఏ డిగ్రీ ఉన్నా సరిపోతుంది, కానీ నా మనసు అక్షరాల మీద, అచ్చు మీద ఉంది. ఇక మిగిలింది సీడ్, ఐఐటీల్లాంటి చోట్ల ఎం.డెస్‌కి రాసే ప్రవేశపరీక్ష. ఐఐటీ బాంబే జనవరిలో పెట్టే ఈ పరీక్షకు వయోపరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయొచ్చు. స్కోరు మాత్రం ఒక్క ఏడాదే చెల్లుతుంది. పార్ట్ ఎ కంప్యూటర్ మీద, పార్ట్ బి చేత్తో గీసి రాసేది. తుది స్కోరులో పార్ట్ బి వాటా 75 శాతం. ఏళ్ల తరబడి మౌస్ పట్టిన చేతికి పెన్సిల్ మళ్లీ అలవాటు కావాలంటే రోజూ గీయడం తప్ప వేరే మార్గం లేదు. డబ్బు పెట్టి కోచింగ్‌కి వెళ్లకముందే ఐఐటీ బాంబే వాళ్లు నడిపించిన డీసోర్స్ అనే ఉచిత సైట్ చూడండి, డిజైన్ పాఠాలు, హస్తకళల వివరాలు అందులో బోలెడున్నాయి.

ఇక్కడే చాలామంది గమనించని మెలిక ఒకటుంది. సీడ్ రాయడానికి మూడేళ్ల డిగ్రీ చాలు. సీటిచ్చే సంస్థ మాత్రం తన అర్హతలు తనే పెట్టుకుంటుంది. కొన్ని విభాగాలకు ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ లాంటి నాలుగేళ్ల డిగ్రీ గానీ, పీజీ గానీ ఉండాలి. నాకు ఎంసీఏ అక్కరకొచ్చింది. బీఏ, బీకాంతో ఆగినవాళ్లు ఫీజు కట్టే ముందే తాము కోరుకునే విభాగం అర్హతల పేజీ ఒక్కొక్క వాక్యం చదువుకోవాలి.

నేను ఎంచుకున్న పద్ధతి చెబుతాను. ప్రతి విభాగంలో గత విద్యార్థుల ఫైనల్ ప్రాజెక్టుల పేర్లు వెతికి పట్టుకుని చదివాను. అన్నీ యాప్‌లు, వెబ్‌సైట్లే అయితే వదిలేశాను. ఎక్కడో ఒకచోట ఆస్పత్రి చీటీలు, బస్సు బోర్డులు, బడి పుస్తకాలు కనపడితే ఆగాను. సొంత ప్రాంతం నుంచి, సొంత భాషలో విషయం తెచ్చుకోనిస్తారా అని సీనియర్లను ఫోన్‌లో అడిగాను. అంతకుముందు ఒక ప్రైవేటు సంస్థ కౌన్సెలర్‌తోనూ మాట్లాడాను. ప్లేస్‌మెంట్ జీతాల గురించి గంటసేపు చెప్పారు గానీ విద్యార్థులు చేసిన పని ఒక్కటీ చూపించలేదు. అటువైపు మళ్లీ వెళ్లలేదు.

చేరాక మొదటి సెమిస్టర్ నిజంగా కష్టం. గీతలు, ఆకారాలు, రంగులు, మోడల్ తయారీ అన్నీ పునాది నుంచే. పక్కన కూర్చున్నవాళ్లు ఇరవై రెండేళ్ల పిల్లలు, రాత్రి రెండింటిదాకా స్టూడియోలో ఉండగలరు. నాకు రాత్రి తొమ్మిదికి పాపతో వీడియో కాల్ ఉండేది. ‘అక్కా, ఇది ప్రింట్‌లో ఎలా వస్తుంది?’ అని వాళ్లు అడగడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. ప్లేటు ఖర్చెంత, కాగితం ఏ సైజులో వృథా పోదు, నాలుగు రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడకపోతే సన్నటి అక్షరం ఏమవుతుంది, ఇవన్నీ నాకు చేతిలో పనులు. వాళ్ల నుంచి నేను యాప్‌లు, వెబ్‌సైట్ల తెరలు గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఇంట్లో కూర్చుని చేసే ఆన్‌లైన్ సర్టిఫికెట్‌లో దొరకదని గట్టిగా చెబుతాను.

జ్యూరీ గురించి ఒక మాట. చేసిన పని గోడకు తగిలించి అధ్యాపకుల ముందు నిలబడాలి. ‘ఎందుకిలా?’ అని ప్రతి గీతకూ అడుగుతారు. ప్రెస్‌లో కస్టమర్ ‘బాగుంది’ అంటే పని అయిపోయినట్టే. ఇక్కడ కారణం చెప్పలేని అందానికి విలువ లేదు. నా పనిలో అన్నిటికంటే పెద్ద మార్పు తెచ్చింది ఇదే.

ఫైనల్ ప్రాజెక్టుకి పురుగుమందుల డబ్బాతో వచ్చే మడత కాగితం తీసుకున్నాను. అలాంటివి ప్రెస్‌లో నేనే ఎన్నో కూర్చాను. డబ్బా మీద విష తీవ్రత చెప్పే వజ్రాకారపు గుర్తు ఉంటుంది: ఎరుపు అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. గుంటూరు వైపు మిర్చి రైతులతో కూర్చుంటే ఆకుపచ్చ చూసి ‘ఇది పైరుకు మంచిది’ అనుకున్నవాళ్లు కనిపించారు. మడత కాగితంలో ఎన్నో భాషలు ఇరుకుతాయి. అందుకే తెలుగు అక్షరం చీమతలంత అవుతుంది. తెలుగుకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్‌కి సరిపోయే వరుసల ఎడం మనకు సరిపోదు. పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకి రెండూ చదవరాకుండా పోతాయి. కాగితం సైజు పెంచకుండా మడతలు మార్చి, ఒక పూర్తి పలక తెలుగుకే ఇచ్చి, మోతాదు, జాగ్రత్తలు, విషం సోకితే ఏం చేయాలన్నవి మాత్రం పెద్ద అక్షరాల్లో పెట్టాను. ఖర్చు పెరగదని ప్రెస్ లెక్కతో చూపించగలిగాను. ఇరవై రెండేళ్లప్పుడు ఇదే కోర్సులో చేరి ఉంటే ఈ విషయం నాకు తట్టేదే కాదు.

డబ్బు సంగతి దాచను. రెండేళ్లు నా జీతం లేదు. బోధనలో సాయం చేసే అర్హులైన విద్యార్థులకు వచ్చే టీచింగ్ అసిస్టెంట్‌షిప్ భృతి, అప్పట్లో నెలకు ₹12,400, మెస్‌కి, చిల్లర ఖర్చులకు సరిపోయింది, ఇంటి అద్దె మా ఆయన జీతంలోంచి వెళ్లింది. ఫీజుకు విద్యారుణం తీసుకున్నాను. పాత పన్ను విధానంలో ఉంటే దాని వడ్డీకి ఎనిమిదేళ్లదాకా మినహాయింపు దొరుకుతుంది. ఇంట్లో రెండో ఆదాయం లేనివాళ్లను పూర్తికాలం కోర్సులో చేరమని నేను చెప్పలేను.

ప్లేస్‌మెంట్ నా వయసువాళ్ల కోసం కట్టిన ఏర్పాటు కాదు. వచ్చిన కంపెనీల్లో ఎక్కువ యాప్ డిజైన్ పనికి తాజా విద్యార్థుల కోసం వచ్చినవే. ఒక ఇంటర్వ్యూలో నా వయసు విని అరక్షణం ఆగారు, తర్వాత పిలుపు రాలేదు. ఆ రోజు బాధపడ్డాను. నాకు పని తెచ్చింది ఆ మడత కాగితమే. ఇప్పుడు విజయవాడ నుంచే మందుల కరపత్రాలు, ఆస్పత్రి సూచనల బోర్డులు, విత్తన సంచుల మీది తెలుగు రూపకల్పన చేస్తున్నాను. ఆదాయం ప్రెస్ జీతాన్ని దాటడానికి చదువయ్యాక రెండో ఏడాది పట్టింది. పని మీద మాత్రం మొదటి నెల నుంచే నా పేరు ఉంది.

చేరబోయేవాళ్లు ఇంటర్వ్యూకి కొత్తగా గీసిన అందమైన బొమ్మలు మాత్రమే పట్టుకెళ్లకండి. మీరు టీచరైతే పిల్లలకు అర్థంకాని పాఠాన్ని నల్లబల్ల మీద ఎలా మార్చి చెప్పారో ఫోటోలు తీసుకెళ్లండి. నర్సయితే వార్డులో వాడే చార్టు, వడ్రంగయితే విరిగి మళ్లీ చేసిన కీలు. ఏది ఎందుకు పనిచేయలేదో, మీరేం మార్చారో పక్కన తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రెండు ముక్కలు రాసి పెట్టండి. నా ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడింది రంగులు పక్కకు జరిగి పాడైపోయిన ఒక ప్రింట్ షీటు గురించే.