నీడపట్టు కిటికీ తొట్టెలు: ఏ మొక్కలు నిలిచాయి?

నేరుగా ఎండ పడని కిటికీకి బిగించిన పొడవాటి తొట్టెల్లో కొన్నేళ్లుగా మొక్కలు పెంచుతున్నాను. పొద్దున కాసేపు నీరెండ, ఆ తర్వాత రోజంతా నీడ. ఇలాంటి చోట పూలకంటే ముందు ఆకులను ఎంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. పూత తగ్గిన రోజుల్లో కూడా తొట్టె బోసిపోకుండా చూసేవి ఆకులే.

నా మొదటి ఓటు రంగురంగుల ఆకుల కోలియస్‌కు. చాలా రకాలకు తీవ్రమైన ఎండలో రంగు వెలిసిపోతుంది. నీడలో మెరూన్, లేత పసుపు అంచులు తేటగా నిలుస్తాయి. చివుళ్లు గిల్లుతూ ఉంటే గుబురుగా పెరుగుతుంది. పూల కంకి తొంగిచూడగానే తుంచేస్తాను, లేకపోతే మొక్క సన్నగా సాగిపోతుంది. గిల్లిన కొమ్మలను నీళ్లలో ఉంచితే సులువుగా వేళ్లు వస్తాయి కాబట్టి తొట్టెలో ఖాళీ ఏర్పడినా చేతిలో ఎప్పుడూ కొత్త మొక్క ఉంటుంది. ఇంతకంటే ఏం కావాలి!

పూలలో ఇంపేషన్స్‌దే పైచేయి. నీడలో ఇంత ధారాళంగా పూసే మొక్క నాకు మరొకటి దొరకలేదు. వాడిన పూలను తుంచే పని కూడా లేదు, వాటంతట అవే రాలిపోతాయి. దీనికి ఉన్న పెద్ద బెడద బూజు తెగులు. ఆకుల అడుగున తెల్లటి పొర కమ్ముతుంది, ఆకులన్నీ రాలి చివరికి ఉత్త కాడలు మిగులుతాయి. తెగులు కలిగించే సూక్ష్మజీవి మట్టిలోనూ ఉండిపోగలదు కనుక అదే తొట్టెలో మళ్లీ ఈ మొక్క నాటకూడదు. దీని దగ్గరి బంధువైన న్యూగినీ ఇంపేషన్స్ ఈ తెగులును బాగా తట్టుకుంటుంది. బెగోనియాకు ఇది సోకదు, అందుకే నా తొట్టెల్లో ఇప్పుడు బెగోనియాలే ఎక్కువ.

తెల్లటి ఆకు, పచ్చటి ఈనెల కెలాడియం అంటే నాకు ప్రాణం. మసక వెలుతురులో ముదురు ఊదా రంగులు కలిసిపోతాయి, తెలుపు మాత్రం దూరం నుంచి కూడా కనిపిస్తుంది. చలి నెలల్లో ఆకులు వాడి దుంప నిద్రలోకి జారుకుంటుంది. ఆ వెలితి తెలియకుండా పక్కనే ఫెర్న్ పెట్టుకోవాలి. కెలాడియం రసం చర్మానికి మంట పుట్టిస్తుంది, ఆకు నమిలితే ఇంకా ప్రమాదం. చిన్న పిల్లలు, పిల్లులు, కుక్కలు ఉన్న ఇంట్లో అందనంత ఎత్తులో ఉంచాలి.

అంచు మీదుగా వేలాడడానికి స్పైడర్ ప్లాంట్ చాలు. మచ్చల మనీప్లాంట్ కూడా బాగుంటుంది కానీ, వెలుతురు మరీ తగ్గితే మచ్చలు మాసి పచ్చబడిపోతుంది.

నీడలో మొక్కలను ఎక్కువగా చంపేది నీళ్లే. మట్టి త్వరగా ఆరదు, వేళ్లు కుళ్లుతాయి. రోజూ అలవాటుగా పోయకుండా, వేలు గుచ్చి పైమట్టి పొడిగా తగిలినప్పుడే పోస్తాను. అడుగున రంధ్రాలు ఉన్న, కనీసం 20 సెంటీమీటర్ల లోతు ఉన్న తొట్టె తీసుకోండి. చూరు కింద ఉన్న తొట్టెకు వాన అందకపోవచ్చు, జోరువాన కురిసిన రోజైనా వేలు గుచ్చి చూడండి.

ఫ్యూషియాను మాత్రం చల్లటి వాతావరణం ఉన్నవారే ఎంచుకోవాలి. వేడి పెరిగితే మొగ్గలు రాల్చేస్తుంది.